పిల్లి అప్పగింత

నవ్వించుట సులభమని తలచువారు సాధారణముగా నలుగురి యెదుట నిలిచి నవ్వింప ప్రయత్నింపనివారే. దుఃఖకథ చెప్పువాడు నడుమ తడబడినను నష్టము లేదు. గొంతు పూడుకొన్నదని వినువారు మరికొంత జాలిపడుదురు. హాస్యకథ చెప్పువాడు ఒక్క మాటను ముందు వెనుకలు చేసెనా, అంతటితో సరి. వినువారు ఆవులించి గడియారము వంక చూతురు. తెనాలి పట్టణమున ఎనిమిదవ తరగతికి రానున్న నలుగురు పిల్లలు ఒక వేసవి సెలవులలో హాస్యపు లఘుచిత్రమొకటి తీయబూని ఈ సంగతిని వారము దినములలోనే గ్రహించిరి. బడి తెరచిన పిమ్మట జరుగు వార్షికోత్సవమున దానిని ప్రదర్శింపవలెనని వారి సంకల్పము.

కథకొరకు వారు వెదకవలసిన పని లేకపోయెను. ఆ నలుగురిలో ఒకనికి అది స్వయముగా జరిగియుండెను.

ఆ బాలుని యింటి ప్రక్కవాటాలో ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచుండెను. వీధివారందరికిని ఆమె మామ్మగారే. ఆమెకు తోడు ఒక తెల్లని పిల్లి. దాని పేరు మీగడ. ఒకప్పుడామె హైదరాబాదులోని కుమార్తె యింటికి ఎనిమిది దినములు పోవలసివచ్చి, మీగడను ఆ బాలునకు అప్పగించెను. ఆ అప్పగింత పెండ్లికూతురి అప్పగింతకు ఏమాత్రమును తీసిపోలేదు. పాలు గోరువెచ్చగా ఉండవలెను. అన్నములో కారపు మెతుకు ఒక్కటియు తగులరాదు. పడుకొనుటకు పాత పట్టుచీర చెంగు పరువవలెను, నూలుచీర పనికిరాదు. రాత్రి ఎనిమిది గంటలకు పెరటి తలుపు గడియ వేయవలెను. బాలుడు అన్నింటికిని తల యూపెను. తల యూపుట కంటె తేలికయైన పని లోకములో లేదు.

ప్రతి రాత్రియు మామ్మగారు హైదరాబాదు నుండి ఫోను చేయుచుండెను. బాలుడు స్పీకరు పెట్టగా ఆమె "మీగడా!" యని పిలుచును, పిల్లి "మ్యావ్" అనును, ఆమె తృప్తిపడి ఫోను పెట్టివేయును. రెండు రాత్రులు ఇట్లు గడచెను. మూడవనాటి సాయంకాలము క్రికెట్టు బంతి పెరటిలో పడగా, దానిని తీసికొన వచ్చిన పిల్లలు తలుపు వేయుట మరచిరి. మీగడ గోడ యెక్కి పోయెను. ఆ రాత్రి ఫోను మ్రోగునప్పటికి పిల్లి లేదు. బాలుడేమి చేయును? "మీగడా!" యని పిలుపు వినబడగానే తానే "మ్యావ్" అనెను. నాలుగవ రాత్రియు అట్లే అనెను.

అయిదవనాడు మీగడ దొరకినది గాని, తెల్లని మీగడ దొరకలేదు. తెనాలికి దాపుననున్న దుగ్గిరాల పసుపునకు ప్రసిద్ధి. అటువంటి ప్రాంతమున పిండిమరలలో పసుపుకొమ్ములు ఆడించుట నిత్యకృత్యము. ఆ వీధి చివరి పిండిమరలో బస్తాల వెనుక రెండు రాత్రులు పవ్వళించిన ఆ పిల్లి, పెండ్లికూతురు నలుగు పెట్టించుకొని వచ్చినట్లు నిలువెల్ల పసుపువన్నెతో వెలికి వచ్చెను. బాలుడు దానిని పట్టి బట్టల సబ్బుతో రుద్దసాగెను. పసుపునకు క్షారము తగిలినచో ఎఱ్ఱబారునని అతడు అంతకు ముందే సైన్సు పాఠములో చదివియుండెను. వ్రాతపరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనియు ఉండెను. అయినను, పిల్లి వీపున ఎఱ్ఱని మరకలు లేచు వరకు ఆ పాఠము అతనికి జ్ఞప్తికి రాలేదు. అప్పుడు నిమ్మరసము పిండిన మరల పసుపుపచ్చ నగునని స్ఫురించి, నిమ్మకాయకై లోనికి పరుగెత్తెను. ఈ లోపల తల్లి చూచి, అతనిని కోప్పడి, సబ్బంతయు పోవునట్లు మంచినీటితో పిల్లిని కడిగి, తువాలుతో తుడిచి ఎండలో విడిచెను. పసుపు మరకకు ఎండయే మందు. మామ్మగారు వచ్చునప్పటికి మీగడ వెలిసిన తాటాకు వన్నెలో నుండెను. ఆమె దానిని ఎత్తికొని, "చిక్కిపోయిందిరా" అని మాత్రమనెను. "జరిగినదంతా మామ్మగారికి నువ్వే చెప్పుకోవాలి" అని తల్లి ముందే చెప్పియుండెను. రేపు చెప్పెదనని బాలుడనెను. ఆ రేపు చాల దినములు రాలేదు.

ఈ కథను అతడు తన మిత్రులకు వినిపించినప్పుడు వారు పొట్టలు పట్టుకొని నవ్విరి. చిత్రము తీయుటకు అదియే మూలము. సెల్‌ఫోను ఒకని అన్నగారిది. స్క్రిప్టు వ్రాయుటకు ఒక బాలిక పూనుకొనెను. నాలుగవ యామె పశువైద్యశాలలో పనిచేయు కాంపౌండరు కుమార్తె. ఆమెకు ఏ పనియు ఒప్పగింపలేదు. తుదకు అందరికంటె ఎక్కువగా పనికివచ్చినది ఆమెయే.

తొలిదినము సభలో ఊహలు కట్టలు తెంచుకొనెను. ఫోను గల వానికి ఒక్క పిల్లి చాలలేదు. పిల్లి వెంట కుక్క పరుగెత్తవలెను. కుక్క వెంట ఆబోతు. ఆబోతు పోయి మురుగుకాలువలో పడవలెను. పైన పంజరములో రామచిలుక ఇదంతయు చూచి వెక్కిరింపవలెను. కాంపౌండరు కుమార్తె అప్పుడు నోరు తెరచెను. ఆబోతును కాలువలో పడద్రోయుట మాట అటుంచుడు, రామచిలుకను పంజరములో పెట్టుటయే నేరమని ఆమె చెప్పగా తక్కినవారు నమ్మలేదు. ఆమె తండ్రిని అడిగి రూఢిచేసికొనిరి. మన దేశపు రామచిలుకలను పట్టి పెంచుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. జంతువులను హింసించుటను నివారించు చట్టము అంతకంటె ముందటిది; 1960లో వచ్చినది. అటువంటి చట్టము కావలెనని రాజ్యసభలో పట్టుబట్టినది సుప్రసిద్ధ నాట్యాచార్యురాలు రుక్మిణీదేవి అరుండేల్. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షురాలును ఆమెయే. సినిమాలలో జంతువులను ఆడింపదలచినవారు ఆ మండలి అనుమతి పొందవలెనని 2001 నాటి నియమములు చెప్పుచున్నవి. టిక్కెట్టు లేని బడి ప్రదర్శనలో ఇంటిపిల్లిని చూపుటకు అంత తతంగము అక్కరలేదని కాంపౌండరుగారు నవ్వుచు చెప్పిరట. కాని పిల్లిని బాధింపరాదను మాట టిక్కెట్టు లేనిచోటను మాటయే గదా!

ఈ జాగ్రత్త ఊరక పుట్టినది కాదు. వెనుకటి దినములలో అమెరికాలో కౌబాయి చిత్రములకును, యుద్ధచిత్రములకును గుఱ్ఱముల కాళ్లకు తీగెలు కట్టి పడవేయుచుండిరి. 1939లో వచ్చిన జెస్సీ జేమ్స్ అను చిత్రమునకై కొండకొమ్ము నుండి నీటిలోనికి దూకింపబడిన గుఱ్ఱము మరణింపగా జనులు మండిపడిరి. ఆ పిమ్మటనే అచ్చటి చిత్రశాలలలో జంతువులపై పర్యవేక్షణ మొదలయ్యెను. చూచువాని క్షణకాలపు ఉత్సాహమునకు గుఱ్ఱము ప్రాణము వెల.

ఆబోతును, చిలుకను కోల్పోయిన పిల్లలకు తమ ఊరి వాడైన తెనాలి రామకృష్ణుడు జ్ఞప్తికి వచ్చెను. పిల్లిని అప్పగించుకొని పాడుచేసిన కథలలో అదియే గదా మొదటిది! ఎలుకల బాధ తొలగుటకై రాయలవారు పిల్లులను పంచి, పాలకై ఆవులను గూడ ఇచ్చిరట. అందరి పిల్లులును బలిసి గున్నలైనవి. రామకృష్ణుని పిల్లి మాత్రము ఎముకలగూడు. పాలు చూచినంతనే పరుగు లంకించుకొనెడిది. తొలినాడే కాగిన పాలు పోసి దాని మూతి కాల్చి, ఆవుపాలన్నియు తానే త్రాగిన ఆ మహానుభావుని తెలివిని మనము తరతరములుగా మెచ్చుకొనుచున్నాము. కథకురాలు దీనిని తమ చిత్రములో చేర్చుదమనెను. "అయితే మీగడ మూతి ఎవరు కాలుస్తారు?" అని కాంపౌండరు కుమార్తె అడిగెను. అందరును మౌనము వహించిరి. కథలో కాలిన మూతికిని, గిన్నె ముందు కూర్చుండిన నిజమైన పిల్లి మూతికిని ఎంత దూరమో ఆ క్షణమున వారికి తెలిసెను. రామకృష్ణుని తెలివికి ఆ పిల్లి ఏమనుకొన్నదో మన పెద్దలెవ్వరును వ్రాసియుండలేదు.

అయితే మూతి కాల్చకయే మూతి కాలినట్లు చూపవచ్చును. సినిమాకు గల గొప్ప గుణమది. సుమారు నూరేండ్ల క్రిందట రష్యా దేశమున కులెషోవ్ అను దర్శకుడు ఒక పరీక్ష చేసెను. ఒక నటుని నిర్వికారమైన ముఖమును చూపి, వెంటనే సూపు గిన్నెను చూపెను; మరల ఆ ముఖమునే చూపి, పిదప శవపేటికను చూపెను. చూచినవారు ఆ నటుడు ఆకలిని, దుఃఖమును ఎంత చక్కగా అభినయించెనని మెచ్చుకొనిరట. ముఖము ఒక్కటే! అర్థము కూర్పులో నున్నది. ఇది తెలిసినచో పిల్లికి నటన నేర్పవలసిన పని యేమున్నది? ఆవిరి లేచు గిన్నె ఒక షాటు. మీగడ ముఖము మరియొక షాటు. అది ఏ ఈగనో చూచుచున్నను సరియే. తోక యెత్తి వెడలిపోవుట ఇంకొక షాటు. అతికిన పిమ్మట పాలను చూచి జడిసిన పిల్లియే కనబడును. పసుపు పూసిన పిల్లి కూడ అక్కరలేదని కథకురాలు అప్పుడే కనిపెట్టెను. తెల్లని గచ్చు మీద వరుసగా పసుపు అడుగులు చాలును. వానిని వ్రేలితో అద్దవచ్చును.

స్క్రిప్టు మొదటి ప్రతి ఇరువదిరెండు పుటలు వచ్చెను. ఒక పుట వ్రాత తెరమీద సుమారు ఒక నిమిషము నడచునని సినిమావారి లెక్క. వార్షికోత్సవములో వారికి దొరకినది ఆరు నిమిషములు. పదునారు పుటలు కొట్టివేయవలసివచ్చినప్పుడు గాని ఏది నిజముగా నవ్వు పుట్టించునో ఎవరికిని తెలియదు. డ్రాయింగు మాష్టారు అప్పుడు వారికి రెండు చిత్రములను చూపించిరి.

మొదటిది లూమియేర్ సోదరులు 1895లో పారిస్‌లో ప్రదర్శించినది. నిమిషము కూడ లేదు. తోటమాలి గొట్టముతో మొక్కలకు నీరు పోయుచుండును. ఒక పిల్లవాడు వెనుకగా వచ్చి గొట్టమును తొక్కిపట్టును. నీరు ఆగును. మాలి గొట్టపు కొసను కంటికెదురుగా పెట్టుకొని చూచును. పిల్లవాడు కాలు తీయును. అంతే కథ! ఆ నీరు ముఖము మీద చిమ్మునని మనకు ముందే తెలియును, మాలికి తెలియదు. ఆ తెలియుటకు, తెలియకపోవుటకు నడుమనే నవ్వు పుట్టుచున్నది. పిల్లవాడు లేకుండ ఉత్త గొట్టమే పగిలి నీరు చిమ్మినచో ఎవరును నవ్వరు.

రెండవది 1938 నాటి బ్రింగింగ్ అప్ బేబీ. హోవర్డ్ హాక్స్ దర్శకుడు. ఒక యువతికి ఆమె సోదరుడు బ్రెజిల్ నుండి పిల్లినో కుక్కనో కాదు, పెంపుడు చిరుతపులినే పంపును! దానిని భద్రముగా పల్లెలోని బంధువురాలి యింటికి చేర్చు పనిలో ఒక ఎముకల శాస్త్రజ్ఞుడు ఆమె చేత చిక్కుకొనును. అతడెంతయో శ్రమపడి సంపాదించిన ఎముకను ఆ యింటి కుక్క ఎచ్చటనో పాతిపెట్టును. చిరుత తప్పించుకొనును. సర్కసు వారి క్రూరమైన చిరుత మరియొకటి అదే సమయమున బయటపడును. ఏది సాధువో ఏది క్రూరమో మనకు తెలియును, ఆమెకు తెలియదు. మరల తోటమాలి గొట్టమే! చిరుతకు జంకిన నాయకుడు కారీ గ్రాంట్‌ను దానికి దూరముగా నుంచి, ఇరువురిని వేరువేరుగా చిత్రించి ఒకే చట్రములో కలిపిన దృశ్యములు అందులో కలవు. విడుదలైనప్పుడు అది అంతగా ఆడలేదు. తరువాతి తరములవారు దానిని ఉత్తమ హాస్యచిత్రములలో నొకటిగా లెక్కించిరి. 1990లో అమెరికా దేశము భద్రపరచదగిన చిత్రముల పట్టికలోనికి అది ఎక్కెను.

ఇంటికి తిరిగి వచ్చుచు కథకురాలు దారిలో ఆగెను. "మన గొట్టం దొరికింది. ఫోను దృశ్యం!" అనెను. అక్కడ మామ్మగారు "మీగడా" యని పిలుచును; ఇక్కడ చీకటి పెరటిలో టార్చిలైటుతో పొదలు వెదకుచు బాలుడు "మ్యావ్" అనును. పిల్లి లేదని మనకు తెలియును; మామ్మగారికి తెలియదు. మామ్మగారి వేషమునకు తలకు దూది అంటించి, వీపు వంచి, ముక్కు మీదికి కళ్లజోడు జార్చి ఫోను గలవాడు సిద్ధపడెను. అతడు గొంతు వణకించి "మీగడా" యనగా అందరును నవ్విరి. పిల్లి పోగొట్టిన బాలుడు మాత్రము నవ్వలేదు.

"ఈ దృశ్యం తీయొద్దు" అనెను. ఎందుకని అందరును గుచ్చిగుచ్చి అడుగగా, మామ్మగారికి తానింకను చెప్పలేదని అప్పుడు బయటపెట్టెను. వార్షికోత్సవమునకు వీధి వీధియంతయు వచ్చును. మామ్మగారు ముందు వరుసలో కూర్చుండును. పిల్లి బదులు కుక్కను పెట్టుదమని ఒకరనిరి. పసుపు అడుగులు ఎవరివో ఆ వీధిలో తెలియనిదెవ్వరికి? ఆ దృశ్యము తీసివేయుదమని మరియొకరనిరి. అది లేనిచో మిగులునది పిల్లి, గిన్నె, గచ్చు. రెండు దినములు వారు కలిసికొననే లేదు. ఆ రెండు దినములలో బాలుడు మామ్మగారి అరుగు వరకు నాలుగుసార్లు పోయి, చెంబుతో మంచినీళ్లు త్రాగి వచ్చెను.

అయిదవసారి చెప్పెను. బంతి మొదలుకొని బట్టల సబ్బు వరకు ఏమియు దాచలేదు. మామ్మగారు బియ్యములో రాళ్లు ఏరుచు చేట వంకనే చూచుచుండెను.

"ఆ రెండు రాత్రులూ అరిచింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసురా అబ్బాయీ" అనెను.

బాలుడు నిశ్చేష్టుడయ్యెను.

"మా మీగడ పిలిస్తే ఒక్కసారే అరుస్తుంది. నువ్వు ఏడుసార్లు అరిచావు."

"మరి అడగలేదేం మామ్మగారూ?"

"అడిగితే ఏమంటావు? ఆ రాత్రే రైలెక్కి వచ్చేద్దామనుకున్నాను. రెండు రాత్రులు కళ్లు మూయలేదు. మా అమ్మాయి కోప్పడింది. కాని నీ గొంతులో ఏడుపు వినపడింది నాకు. ఏడ్చేవాడు వెతక్క ఊరుకోడులే అనుకున్నాను." ఆమె ఒక రాయిని ఏరి దూరముగా విసరెను. "వచ్చాక నువ్వే చెబుతావని చూశాను. నెల దాటింది."

బాలుడు తల వంచుకొని క్షమించుడని వేడెను. ఆమె ఔననను లేదు, కాదనను లేదు. ఏరిన బియ్యమును లోపల పెట్టిరమ్మని చేట అందించెను. పిదప చిత్రపు ముచ్చట అడిగి, తన వేషము ఎవరు వేయుచున్నారో తెలిసికొని, దూది జుట్టు సంగతి విని మొగము చిట్లించెను. "నేనింత బాగా ఉండగా ఆ కుర్రవాడెందుకు?" అనెను.

ఆ సాయంకాలము కథకురాలు ఫోను దృశ్యమును కొట్టివేసి మరల వ్రాసెను. ఈసారి హైదరాబాదులోని గది కూడ అందులో చేరెను. ఫోను పెట్టివేసిన పిమ్మట మామ్మగారు దీపమార్పక మంచము మీద కూర్చుండును, వ్రేళ్లు మడచి అరుపులు లెక్కించును, ఏడు. ఇప్పుడు పిల్లి లేదని మనకు తెలియును, మామ్మగారికిని తెలియును. ఆమెకు తెలియునని తెలియనివాడు బాలుడొక్కడే. గొట్టపు కొస అతని ముఖము వైపు తిరిగెను. చదివి వినిపింపగా అందరికంటె ముందు నవ్వినవాడును అతడే. ఆ గదిలోని దీపము దగ్గర మాత్రము ఎవరును నవ్వలేదు. కథకురాలు దానిని అట్లే ఉంచెను.

చిత్రీకరణకు అయిన ఖర్చు కొంచెమే: పసుపు, పాలు, ఒక టార్చిలైటు బ్యాటరీలు. కొన్న దూది పనికిరాకపోయెను. మామ్మగారు ఇస్త్రీచీర కట్టి, మంచముపై కూర్చుండి, ఫోను చెవికి ఆనించెను. పిల్లిని బయటి గదిలో పాలగిన్నె వద్ద వదలి తలుపు దగ్గరగా వేసిరి. అందరును ఊపిరి బిగబట్టిరి. ఫోను గలవాడు చేయి ఊపెను. మామ్మగారు రవంత గొంతు సవరించుకొని, "మీగడా!" యని పిలిచెను.

మంచము క్రింద నుండి "మ్యావ్" అని వినబడెను. అది ఎప్పుడు తలుపు సందున దూరివచ్చెనో ఎవ్వరును చూడలేదు.

మామ్మగారు క్రిందికి వంగి, "నువ్వు తప్పిపోయావు కదే, ఊరుకో" అని దానిని గదమాయించెను. మీగడ మరల అరవలేదు. షాటు రెండవసారి మొదలుపెట్టిరి.